లాభం అని మొదలుపెట్టి, మొత్తం చెప్పి ముగించిన మనిషి

శ్రీ బత్తుల యలమంద గారు 1989 జూన్ 14వ తేదీ, బుధవారం ఉదయం, సత్తెనపల్లిలోని మన వర్షపాత సమాచార కేంద్రంలో వైర్‌లెస్ ఆపరేటరుగా విధుల్లో చేరారు. 2026 జూన్ 30వ తేదీ సాయంత్రం సీనియర్ సాంకేతిక పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేయనున్నారు. ఈ రెండు తేదీల నడుమ ముప్ఫై ఏడు సంవత్సరాలు. వాటిలో వారు సెలవు పెట్టిన రోజులకంటే సెలవు రోజున కూడా వచ్చి కూర్చున్న రోజులే ఎక్కువని హాజరుపట్టీ సాక్ష్యమిస్తుంది. వారి సర్వీసు రిజిస్టరులో ప్రశంసలు పదకొండు, మందలింపు ఒకటి. ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు నేను ఒకే షరతు పెట్టాను. పదకొండు ప్రశంసల గురించి ఎవరైనా రాయవచ్చు, ఆ ఒక్క మందలింపు గురించి మాత్రం నన్ను రాయనివ్వాలి. ఎందుకంటే అది వారికి రావలసినది కాదు, నాకు రావలసినది.

అభినందన వ్యాసంలో ఇటువంటి మాటలు శోభించవని పెద్దలు అంటారని తెలుసు. శోభించకపోతే పోనివ్వండి. పూలదండలు వేయడానికి వేదిక మీద చాలామంది ఉంటారు. పదేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ముల్లును ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు తీసుకుంటాను?

ముందుగా వారి తండ్రిగారిని స్మరించాలి. కీర్తిశేషులు బుల్లయ్య గారు తమ ఊళ్ళో గింజలు కొలిచే మనిషి. నూర్పిళ్ళయ్యాక కల్లంలో రాశి ముందు కూర్చుని, కుంచం నిండా గింజలు ఎత్తి పోస్తూ, మొదటి కొలతకు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనడం మన ప్రాంతపు ఆచారమని పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. కాటాలు వచ్చాక పుట్టిన మన పిల్లల కోసం చెబుతున్నాను. లాభం తరువాత రెండు, రెండు తరువాత మూడు. చేతిలోని కుంచం ఖాళీ అయ్యేదాకా అదే అంకెను పైకి అంటూనే ఉంటారు, తాము మరిచిపోకుండా, ఎదుటివాడు మోసపోకుండా. చివరన మొత్తం చెబుతారు. గింజలు తీసుకునేవాడు ఆ మొత్తాన్ని తిరిగి చెబితేనే కొలత ముగిసినట్టు. యలమంద గారు చదువుకున్న మొదటి బడి ఆ కల్లమే.

ఆ బడి అలవాటును వారు ప్రభుత్వ వైర్‌లెస్ సెట్టు దాకా మోసుకొచ్చారు. ఆ రోజుల్లో ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు పల్లెల్లోని వర్షమాపకాల కొలతలన్నీ నోటిమాటగానే రేడియో మీద వచ్చేవి. గరగరమనే ఆ చప్పుడులో నాలుగేదో పద్నాలుగేదో దేవుడికే తెలియాలి. యలమంద గారు తమ కింది కేంద్రాలన్నింటికీ ఒక పద్ధతి నేర్పారు: ముందు ‘లాభం’ అనాలి, తరువాత ఊరి పేరు, ప్రతి అంకె రెండేసి సార్లు, చివరన అంకెలన్నీ కూడి మొత్తం. మొత్తం సరిపోకపోతే, “మళ్ళీ కొలువు నాయనా!” అనేవారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇది విని, “ఇది ప్రభుత్వ వైర్‌లెస్సా, సంత కాటానా?” అని గద్దించారట. “రెండింట్లోనూ ఒక అంకె తప్పు వినబడితే కొంప మునుగుతుందండి,” అని యలమంద గారు చేతులు కట్టుకుని సవినయంగానే సమాధానం చెప్పారట. ఆ అధికారి వెళ్ళిన మరుక్షణమే మళ్ళీ ‘లాభం’ మొదలైందని అప్పటివారు నవ్వుతూ చెబుతారు.

ఇరవై ఏళ్ళు రేడియోలో అరిచి అరిచి వారి కంఠం అలాగే స్థిరపడిపోయింది. ప్రక్క గదిలో ఉన్నవారితో మాట్లాడినా పొరుగు జిల్లావారితో మాట్లాడినట్టే ఉంటుంది. “ఆయన ఫోనులో మాట్లాడతానంటే నాకు నవ్వొస్తదమ్మా. మా నల్లపాడు ఇంటి నుంచి సత్తెనపల్లికి ఆయనకి ఫోనెందుకు?” అని వారి సతీమణి శ్రీమతి కోటేశ్వరమ్మ గారు అంటుంటారు. నల్లపాడు స్టేషనులో పొద్దున్నే రైలెక్కే వారెవరిని అడిగినా ఆ గొంతు తమకు తెలుసంటారు.

కాలం మారింది, నోటిమాట స్థానంలో కంప్యూటరు వచ్చింది. తోటివారు చాలామంది ‘ఈ వయసులో మనకెందుకు’ అని ప్రక్కకు తప్పుకున్నప్పుడు, నలభై ఎనిమిదో ఏట యలమంద గారు మైక్రోకంట్రోలర్ల శిక్షణలో చేరి, కుర్రకారు మధ్య కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి టంకం పెట్టడం నేర్చుకున్నారు. ఆనాడు వారు చేత్తో టంకం పెట్టిన మొదటి బోర్డు ఇప్పటికీ వారి సొరుగులో, కోటప్పకొండ ప్రసాదం పొట్లం ప్రక్కన ఉంది.

2015 సెప్టెంబరులో నేను చేరాను. పట్నంలో, బ్రాడీపేటలో పుట్టి, బ్రాడీపేటలోనే కోచింగులన్నీ చదివి, ఎం.టెక్. పట్టా చేతబట్టుకుని, ఈ కేంద్రాన్ని ఉద్ధరించడానికి వచ్చానని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. నాకు అప్పగించిన పని: పడమటి వైపు ఆరు ఊళ్ళలో వర్షమాపకాలకు చిన్న పెట్టెలు అమర్చి, వాన పడగానే ఆ కొలత దానంతటదే రేడియో మీద సత్తెనపల్లికి చేరేలా చేయడం. పడమట మబ్బు కురిస్తే ముప్పావు గంటలో ఇటు వస్తుంది. ఆ ముప్పావు గంట ముందు కబురు అందితే కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల మీద రైతులు పట్టాలు కప్పుకోవచ్చు. ఎర్రగా ఎండిన కాయ ఒక్కసారి తడిసిందా, రంగు పోయి, ధర పలకని తాలుకాయ అవుతుంది. ఏడాది చాకిరీ ఒక్క జల్లుకు పోతుంది.

పెట్టెలోని మైక్రోకంట్రోలరు వాన అంకెను సున్నాలుగా ఒకట్లుగా విడగొట్టి, చీమల బారులాగా ఒకదాని వెనుక ఒకటిగా పంపుతుంది. దీన్నే మేము సీరియల్ డేటా అంటాం. నా బల్ల మీద, రెండు మీటర్ల తీగతో, అది అద్భుతంగా పనిచేసింది. అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ తీగ తీసేసి, రెండు చివర్లా రెండు రేడియోలు పెట్టాను. అంతే. ఇంకేమీ మార్చలేదు.

యలమంద గారు చూసి ఒక్కటే అడిగారు. “అమ్మాయ్, ఇది మొదలెట్టేముందు లాభం అంటదా?”

నేను నవ్వాను. “మిషన్లకి శకునాలు అక్కర్లేదండీ,” అన్నాను.

“శకునం కాదు తల్లీ. తీగలో ఎవరూ మాట్లాడకపోతే నిశ్శబ్దం. గాల్లో ఎవరూ మాట్లాడకపోతే సంత. సంతలో వినేవాడికి, ఎవరు కొలుస్తున్నారో, ఎవరు ఊరికే అరుస్తున్నారో తెలియొద్దా?”

ఆ మాటలో ఎంత సాంకేతిక జ్ఞానం ఉందో ఆ రోజు నా తలకెక్కలేదు. వారంలో ప్రదర్శన ఉంది, పైఅధికారులు వస్తున్నారు, నాకు తొందర. “తర్వాత చూద్దాం లెండి,” అన్నాను. యలమంద గారు పెట్టెలు భుజాన వేసుకుని ఆరు ఊళ్ళకూ వెళ్ళి బిగించి వచ్చారు.

2016 ఫిబ్రవరి చివర, ఉదయం తొమ్మిది గంటలకు, చురుక్కుమనే ఎండలో, గంటకు నూట పద్నాలుగు మిల్లీమీటర్ల వాన పడుతోందని మన కేంద్రం నుంచి రైతులందరి ఫోన్లకూ హెచ్చరిక వెళ్ళింది. జనం చద్దన్నం ముద్దలు వదిలి కల్లాలకు పరుగెత్తారు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. మూడు రోజుల తరువాత మళ్ళీ తొమ్మిదింటికే, మళ్ళీ అదే. మాపకంలో పిట్ట గూడు కట్టి ఉంటుందని నేను తేల్చేసి, యలమంద గారిని స్తంభాలు ఎక్కించి శుభ్రం చేయించాను. యాభై రెండో ఏడు నడుస్తున్న మనిషిని! ఆయన దిగి వచ్చి చెమట తుడుచుకుంటూ, “ఈ వాన సరిగ్గా త్రీఫేజు కరెంటు ఇచ్చే టైముకే పడతందేంటమ్మాయ్?” అన్నారు.

అదే అసలు సంగతి. త్రీఫేజు రాగానే పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. వాటి స్టార్టర్ల నుంచి లేచిన రొదను మన రేడియో విని, నా ప్రోగ్రాము ఆ రొదలో రెండక్షరాలు ఏరుకుని, వాన అని చాటింది. ఎవరు మాట్లాడినా కొలతే అనుకునే అమాయకపు పెట్టెను తయారుచేసినది నేను. అయినా ఒప్పుకోవడానికి నాకు అహం అడ్డొచ్చింది. మూడోసారి కూడా అబద్ధపు వాన పడింది.

మార్చి రెండో వారంలో నిజమైన వాన వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు మన హెచ్చరిక సక్రమంగానే వెళ్ళింది, అంకె కూడా సరైనదే. ఒక్కరు కూడా కల్లానికి కదలలేదు. నాన్నా పులి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే కదా.

మన హెచ్చరికలు అందే ఊళ్ళలో ఒకదానిలో కోటిరత్నం గారని కౌలుకు మూడెకరాలు మిరప వేసిన ఆమె ఉన్నారు. మర్నాడు ఉదయం ఆమె తడిసి తెల్లబారిన కాయలు కొంగు నిండా తెచ్చి మన కార్యాలయం వరండాలో గుమ్మరించారు. ఏడవలేదు. “మూడు సార్లు వాన్లేకుండా పరుగెత్తించారు. నాలుగోసారి ఎందుకు నమ్మాలి? మీరే చెప్పండి,” అన్నారు. నేను గది తలుపు వెనుక నిలబడి విన్నాను. బయటికి వెళ్ళింది యలమంద గారు.

ఆనాటి మన కేంద్రాధిపతి శ్రీ లక్ష్మీనరసింహం గారు ఇది ఎవరి తప్పో రాతపూర్వకంగా తెలపమన్నారు. నేను ఇంకా ప్రొబేషనులో ఉన్నాను. ఈ ఒక్క కాగితంతో ఉద్యోగం పోతుంది. ఆ రాత్రి నా తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను, చింపాను, మళ్ళీ రాశాను. తెల్లవారి దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేసరికి యలమంద గారి సంజాయిషీ అధికారి బల్ల మీద ఉంది: పెట్టెలు అమర్చినది తానేననీ, తగిన పరీక్ష జరపకుండా నడపనిచ్చినది తానేననీ, అన్యుల బాధ్యత ఏమాత్రం లేదనీ.

నేను పరుగున వెళ్ళి అడిగాను. ఆయన టంకం పెడుతూ తల కూడా ఎత్తలేదు. “నాది ఇరవై ఏడేళ్ళ సర్వీసు. పాత పంచె, ఒక మరక పడితే ఏం కాదు. నీది ఇంకా మడత విప్పని గుడ్డ. నోరు మూసుకుని పెట్టె బాగుచెయ్. నీ ఉత్తరం అక్కడ పెట్టావంటే నా మీద ఒట్టే!”

ఆయన వద్దన్నారు కాబట్టి ఊరుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, భయపడి ఊరుకున్నాను. ఆయనకు మందలింపు వచ్చింది. ఆ ఏడాది రావలసిన పదోన్నతి రెండేళ్ళు వెనక్కి పోయింది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ వారమే ఆయన నన్ను కోటిరత్నం గారి కల్లానికి తీసుకెళ్ళారు. ఆమె ఆయన్ను నానా మాటలూ అన్నారు. “యలమందన్నా, నువ్వు బుల్లయ్య గారి కొడుకువి. మీ నాయన కొలిస్తే ఒక్క గింజ తేడా వచ్చేది కాదు. నీకేం పొయ్యేకాలం వచ్చింది?” అని తండ్రి పేరు ఎత్తి దులిపేశారు. ఆయన తల వంచుకుని, “తప్పే రత్నమ్మా,” అన్నారు. నేను ఆయన ప్రక్కనే దిష్టిబొమ్మలాగా నిలబడ్డాను.

కోపం కాస్త చల్లారాక ఆమె కూలీల కోసం తీసి ఉంచిన వడ్లు కొలవవలసి వచ్చింది. యలమంద గారు చొక్కా చేతులు మడిచి, “ఇటివ్వు,” అని కుంచం అందుకున్నారు. చుట్టూ గోల: ఎవరో ఆరు అంటున్నారు, ఎవరో ఫోనులో పది అంటున్నారు, మేక అరుస్తోంది. ఆయన కుంచం ఎత్తి “లాభం” అన్నారు. ఆ ఒక్క మాటతో అందరి చెవులూ ఇటు తిరిగాయి. లాభం లాభం లాభం. రెండు రెండు రెండు. ఆ తరువాత ఎవరు ఏ అంకె అరిచినా ఎవరి లెక్కా చెదరలేదు. చివరన ఆయన “మొత్తం పద్దెనిమిది” అన్నారు, కోటిరత్నం గారు “పద్దెనిమిది” అన్నారు, కుంచం బోర్లించారు. ఆయన నా వైపు చూసి, “అర్థమైందా అమ్మాయ్?” అన్నారు. నేను బస్సు టికెట్టు వెనుక రాసుకున్నాను. ఎం.టెక్.లో రెండేళ్ళు చదివిన పాఠం నాకు ఆ కల్లంలో అర్థమైంది.

పందొమ్మిది రోజులు ఇద్దరం కూర్చున్నాం. ఇప్పుడు ప్రతి పెట్టె మాట మొదలుపెట్టే ముందు ఒక స్థిరమైన గుర్తు పంపుతుంది. ఆ గుర్తు వినబడేదాకా మన రేడియో ఏ రొదనూ లెక్కచేయదు. తరువాత ఊరి సంఖ్య, వాన కొలత రెండు సార్లు, చివర మొత్తం. ఇక్కడి యంత్రం తానూ కూడి చూసుకుంటుంది. తేడా వస్తే పారేసి మళ్ళీ అడుగుతుంది, సరిపోతే ‘చేరింది’ అని తిరిగి చెబుతుంది. ప్రోగ్రాములో ఆ మొదటి గుర్తుకు నేను ‘లాభం’ అనే పేరే పెట్టాను. పదేళ్ళలో పెట్టెలు ఆరు నుంచి నూట నలభై అయ్యాయి, రేడియోలు మారాయి, ఆ పేరు మారలేదు.

అయితే యంత్రం బాగుపడితే నమ్మకం బాగుపడదు. ఏప్రిల్ మొదట్లో కోటిరత్నం గారి ఆఖరి కోత కల్లంలో ఉంది. మబ్బు పట్టే సూచన ఉన్న రోజుల్లో యలమంద గారు తాముగా వెళ్ళి ఆ కల్లం గట్టున కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం పడమటి పెట్టె మాట్లాడింది, మొత్తం సరిపోయింది, నేను హెచ్చరిక పంపి, ఆయనకు ఫోను చేశాను. అక్కడ ఎండ కాస్తోంది. ఎవరూ కదలలేదు. ఆయన ఒక్కరే లేచి పట్టా లాగడం మొదలుపెట్టారు.

“వాన రాకపోతే?” అన్నారట కోటిరత్నం గారు.

“రాకపోతే ఈ పట్టాలన్నీ నేనే తీసి, కాయలన్నీ మళ్ళీ నేనే పరుస్తా. వస్తే మాత్రం టీ పెట్టాల.”

ఆమె వచ్చి రెండో కొస పట్టుకున్నారట. అది చూసి ప్రక్క కల్లాలవాళ్ళూ లేచారు. నలభై నిమిషాలకు నా ఫోను మోగింది. నేను చెవి దగ్గర పెట్టుకోవలసిన అవసరమే రాలేదు. “వచ్చిందమ్మాయ్! వాన వచ్చింది! ఒక్క కాయ తడవలా!” నేను ఆఫీసులో అందరి ఎదుటా భోరున ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో అప్పుడెవరికీ అర్థం కాలేదు, ఇవాళ అర్థమై ఉంటుంది.

ఆ సంగతి అక్కడితో తీరిపోయిందని ఆయన అనుకున్నారు. నాకు తీరలేదు, దానికి కారణం ఒక్క భోజనం. ఆ మే నెలలో నల్లపాడులో వారి ఇంటికి పిలిచారు. కోటేశ్వరమ్మ గారు గోంగూర వడ్డిస్తూ, నా చేయి పట్టుకుని, “మా ఆయనకి తొందరెక్కువమ్మా. చూసుకోకుండా బిగించి ఉంటాడు. ఆయన వల్ల మీ అందరికీ మాటొచ్చింది, నువ్వేం మనసులో పెట్టుకోకు,” అన్నారు. తప్పు చేసిన నన్ను, తప్పు చేయనివాడి భార్య క్షమించమని అడిగారు. ఆయన మజ్జిగ తాగుతూ చిన్నగా నవ్వారు. సొంత ఇంట్లో కూడా ఆ మాట బయటపెట్టని మనిషి ఆయన.

ఈ నెల మొదటి తేదీన, ఆనాడు సంచిలోనే ఉండిపోయిన ఉత్తరాన్ని తిరిగి రాసి, నా సంతకంతో ప్రస్తుత కేంద్రాధిపతి గారికి అందజేశాను. ఆ మందలింపును వారి రిజిస్టరు నుంచి తొలగించి, నా రిజిస్టరులో చేర్చవలసిందిగా కోరాను. కాగితం ఎప్పటికి కదులుతుందో, దాని ఫలితం నాకు ఏమవుతుందో తెలియదు. పెట్టిన ఒట్టు మీరినందుకు యలమంద గారు నన్ను తిడతారని మాత్రం తెలుసు. తిట్టనివ్వండి, ఆయన తిట్టినా అందరికీ వినబడుతుంది కదా.

మాన్యులు యలమంద గారికి, సౌభాగ్యవతి కోటేశ్వరమ్మ గారికి ఆ కోటప్పకొండ స్వామి నిండు నూరేళ్ళ ఆయువును, మోకాళ్ళ నొప్పి లేని ఆరోగ్యాన్ని, ఎనిమిదిన్నరకు ఎక్కడికీ పరుగెత్తనక్కరలేని ప్రశాంతమైన ఉదయాలను ప్రసాదించాలని మన కేంద్రం తరఫున మనసారా కోరుకుంటున్నాను.

చివరగా, వీడ్కోలు సభకు వచ్చి ముందు వరుసలో కూర్చునే కోటేశ్వరమ్మ గారికీ, కోటిరత్నం గారికీ, యలమంద గారి పద్ధతిలోనే ఒక కబురు.

లాభం. ఆ తప్పు నాది, ఆ తప్పు నాది. ఆయన ఏ తొందరా పడలేదు, ఆయన ఏ తొందరా పడలేదు. మొత్తం: ముప్ఫై ఏడేళ్ళు, మచ్చలు సున్నా.

గురువుగారూ, చేరిందో లేదో ఒక్కసారి తిరిగి చెప్పండి. నల్లపాడు నుంచి చెప్పినా మాకు వినబడుతుంది.

బిందుమాధవి,
సహాయ ఇంజనీరు, వర్షపాత సమాచార కేంద్రం, సత్తెనపల్లి